ఒకే కడాయిలో ఉడికిన ఆకాశం

ఫిబ్రవరి 3, 2025

దొంగ దొరికింది.

నూట పన్నెండు పేజీల పుస్తకం. నున్నటి అట్ట. వెనక ఫోటోలో చేతులు కట్టుకుని నవ్వుతోంది. ఏ. రజని, పుణెలో విశ్వం పుట్టుక మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త అట. బీడీలు చుట్టే గంగవ్వ బిడ్డ. 2010లో మా కాలేజీలో ఇంటర్ రెండో ఏడు, ఏ సెక్షన్, రెండో బెంచీ. ఆమెకు ఫిజిక్స్ చెప్పింది ఎవరయ్యా అంటే ఈ బాబురావు. ముప్పై ఒక్కేళ్లు ఆర్మూరులో సుద్దముక్క అరగదీసి, మొన్న జూన్‌లో ఒక శాలువా, ఒక గోడ గడియారం పుచ్చుకుని ఇంటికొచ్చిన బాబురావు.

పుస్తకం పిల్లల కోసం రాసిందట. మూడో అధ్యాయం పేరు 'ఒకే కడాయిలో ఉడికిన ఆకాశం'. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఆకాశంలో ఏ మూలకు చూసినా, విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన ఆదిమ వెలుగు ఒకే వేడితో ఎందుకుంది, ఆ చివర ఈ చివరను ఎన్నడూ చూడను కూడా లేదు కదా అని పిల్లల్ని అడిగింది. తర్వాత పసుపు కళ్లంలోకి తీసుకెళ్లింది. కళ్లంలో ఆ మూల పడ్డ కొమ్మును విరిచినా, ఈ మూల పడ్డ కొమ్మును విరిచినా లోపల ఒకటే రంగు. ఎందుకంటే ఆరబోయక ముందు అవన్నీ ఒకే కడాయిలో కలిసి ఉడికాయి. విశ్వం కూడా అలాగే ముందు ఒక్కచోట కలిసి ఉండి, తర్వాత రెప్పపాటులో ఉబ్బి దూరమైపోయిందని చాలామంది అనుకుంటున్నారట.

ఆ పసుపు ఉదాహరణ నాది. పదిహేనేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. చెప్పి, పిల్లలు నోరు తెరిచాక, ఈ ఉబ్బుడు సిద్ధాంతంలో ఎన్ని చిల్లులున్నాయో కూడా చెప్పేవాణ్ణి. పిల్లలకు పసుపే గుర్తుండేది, చిల్లులు గుర్తుండేవి కావు. అది వేరే సంగతి.

కృతజ్ఞతల పేజీ మూడుసార్లు చదివాను. అమ్మ ఉంది. మస్కట్‌లో పనిచేసిన నాన్న ఉన్నాడు. పుణె ప్రొఫెసర్లు నలుగురున్నారు. హాస్టల్‌లో వంట చేసిన ఆవిడ కూడా ఉంది. నేను లేను.

ఫిబ్రవరి 4

పుణెలోని ఆమె సంస్థకు మెయిల్ పంపాను. రెండు పేజీలు, ఇంగ్లీషులో, ఎక్కడా ఆవేశం లేకుండా. నేను క్లాసులో చెప్పిన ఉదాహరణను తనదిగా అచ్చు వేసుకుందని రాశాను. నా అసలు ఉదాహరణలో పసుపు కొమ్ములు పాలిష్ డ్రమ్ములో కలిసి తిరిగి ఒకే రంగుకు వస్తాయనీ, దొంగతనం బయటపడకుండా ఆమె డ్రమ్ము తీసేసి కడాయి పెట్టిందనీ కూడా రాశాను. ఆ వాక్యం బాగా కుదిరింది.

మాది పసుపు వ్యాపారం, ఇంటి వెనకే నాన్న కాలం నుంచీ డ్రమ్ము ఉండేది. దాని మోతలో చదువుకున్నవాణ్ణి నేను. పసుపు గురించి నాకు ఒకరు చెప్పాలా?

ఫిబ్రవరి 11

జవాబు లేదు.

నా రాతప్రతి తీసి చూశాను. 'తిరిగి విచ్చిన విశ్వం'. ఇరవై ఆరేళ్ల పని. విశ్వం శూన్యంలోంచి ఊడిపడలేదు, అంతకు ముందు ఒక విశ్వం ముడుచుకుపోయి, మళ్లీ విచ్చుకుందన్నది నా పక్షం. నాదొక్కడిదే కాదు, పెద్దపెద్దవాళ్లు ఉన్నారు ఈ పక్షాన. ముడుచుకునేటప్పుడు అన్నీ దగ్గరకొస్తాయి కాబట్టి ఒకే వేడి ఎలా వచ్చిందన్న ప్రశ్నే ఉండదు. రెప్పపాటు ఉబ్బుడు అక్కర్లేదు. దాన్ని చూసినవాడెవడూ లేడు.

2014లో దక్షిణ ధ్రువం దగ్గర టెలిస్కోపు పెట్టినవాళ్లు ఆ ఉబ్బుడు ఆనవాలు ఆకాశంలో దొరికిందని ప్రపంచమంతా టముకు వేశారు. మరుసటి ఏడాదికల్లా అది మన పాలపుంతలోని దుమ్ము అని తేలింది. ఆ రోజు స్టాఫ్‌రూములో స్వీట్లు పంచాను. ఏం సంగతి సార్, మనవడా అని అడిగారు. దుమ్ము అన్నాను.

రజని పుస్తకంలో నా పక్షానికి ఐదో అధ్యాయంలో రెండు పేజీలు ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. కడాయి అనేది ఉబ్బుడుకు ముందు కావచ్చు, ముడుచుకునేటప్పుడూ కావచ్చు, ఇంకా ఎవరికీ తెలియదు అని రాసింది. పెద్ద న్యాయమూర్తి బయల్దేరింది.

ఫిబ్రవరి 17

వచ్చింది! సంస్థ ఫిర్యాదును స్వీకరించింది. ముగ్గురితో కమిటీ వేశారు. విచారణ తేలేదాకా డాక్టర్ రజని శాశ్వత నియామకపు ఇంటర్వ్యూను నిలిపివేస్తున్నారట. తేదీ వేసి ఉన్న ఆధారం ఏదైనా ఉంటే మార్చి 10 లోపు నకలు పంపమన్నారు.

నా భార్య కాంతమ్మకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లేరుతూ విన్నది. "గా పిల్లకు నౌకరి వోతదా?" అని మాత్రం అడిగింది.

"తప్పు చేస్తే పోదా మరి" అన్నాను.

"ఒక పసుపు ముచ్చటకు?"

ఈమెకు చెప్పడం కంటే డ్రమ్ముకు చెప్పడం నయం.

ఫిబ్రవరి 18

తేదీ వేసి ఉన్న ఆధారం అడిగారు కదా. ఎవరిని అడుగుతున్నారో వాళ్లకు తెలియదు. 1993 నుంచి ఒక్క రోజు కూడా డైరీ రాయకుండా పడుకోలేదు నేను. ముందు గదిలో అద్దాల బీరువా నిండా అవే.

2010 డైరీ తీశాను. పరీక్షల నుంచి మొదలుపెట్టి వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. ఫిబ్రవరి 9 దగ్గర దొరికింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

'ఈరోజు నాకొక అద్భుతమైన ఉదాహరణ తట్టింది. ఒకే కడాయిలో ఉడికిన పసుపును కళ్లంలో దూరదూరంగా ఆరబోసినా లోపలి రంగు ఒకటే. విశ్వం వేడి కూడా అంతే. బి సెక్షన్ మొత్తం చప్పట్లు కొట్టింది. ముప్పై సెకన్లయినా కొట్టి ఉంటారు.'

చాలు. ఇంతకంటే ఏం కావాలి? నా చేతిరాత, నా తేదీ. కమిటీ కాదు, కమిటీ తాత కూడా కాదనలేడు.

ఇందులో కడాయి అని ఉంది, మెయిల్‌లో డ్రమ్ము అని రాశాను. చిన్న తేడా.

కాగితం అవతలి పక్క ఫిబ్రవరి 8. అది ఏ సెక్షన్ రోజు. చదవలేదు. అవసరం లేదు.

ఫిబ్రవరి 19

పోస్టాఫీసు పక్క సందులో జిరాక్స్ షాపు సుమన్ ఆ ఏడాది బి సెక్షనే. సాక్ష్యం కాగితం మీద సంతకం పెట్టమన్నాను. చదవను కూడా లేదు, నిలబడి పెట్టేశాడు. షాపులో ఉన్నవాళ్లకు నన్ను చూపించి, "మా సారు. పసుపుతోని మొత్తం విశ్వం చెప్పిన సారు. ఇప్పటికి మా పోరగాండ్లకు గదే చెప్త" అన్నాడు. నేను వెళ్లినప్పుడల్లా ఇదే మాట అంటాడు. మెట్ల దాకా వచ్చి సాగనంపుతాడు.

ఇదీ శిష్యరికం అంటే.

ఫిబ్రవరి 22

రజని వచ్చింది. ఉదయం పదకొండింటికి, ఫోన్ కూడా చేయకుండా. పుణె నుంచి బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది. కాంతమ్మ కుర్చీ వేసి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"కంప్లైంటు రాసింది మీరేనా సార్?"

"నేనే."

"నాలుగేండ్ల సంది ఏడాదికోసారి కాగితం మీద సంతకం వెట్టుకుంట బతుకుతున్న. మార్చి ఇరవైకి ఇంటర్వ్యూ ఉండె. ఆపిండ్రు. మల్ల గిసొంటి పోస్టు ఎప్పుడు వడ్తదో తెల్వదు. వయసు దాటిపోతది."

"నా ఉదాహరణ ఎత్తుకునే ముందు ఆలోచించాల్సింది."

ఆమె నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు కూడా ఇలాగే చూసేది, కళ్లు దించేది కాదు.

"మీది గాదు సార్ గది. నాది. క్లాసుల నేను లేసి చెప్పిన. కలిసి ఉడికి తర్వాత దూరం పోయినయేమో సార్ అన్న. మీరు నన్ను వరండాల నిలవెట్టిండ్రు. పీరియడ్ అయ్యేదాంక. యాదికి లేదా?"

"అబద్ధం."

"అందరు చూసిండ్రు."

"అయితే సాక్ష్యం తీసుకురా. తేదీతో సహా."

నవ్వింది. నవ్వులో మర్యాద లేదు. "పదిహేనేండ్ల కింద ఇంటర్ క్లాసుల ఎవలు ఏమన్నరో ఎవలు రాసి పెట్టుకుంటరు సార్?"

ఆమె కుర్చీ వెనకే అద్దాల బీరువా. ముప్పై రెండు డైరీలు. ఆమె వెనక్కి తిరగలేదు.

లేచి, గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అంది. "మీ పేరు రాయలే అని గద మీ కోపం. మస్తు సార్లు రాద్దమనుకున్న. రాస్తే గా వరండ ముచ్చట గూడ రాయాల్సొస్తది. చదువు చెప్పిన సారు, ఎందుకులే అని ఇడిసిపెట్టిన. ఇప్పుడు చెప్తున్న, పానం బాగలేదు గీనం బాగలేదు అని ఊరికె వాపసు తీసుకుంటె నా మీద మరక పోదు. నిజమేందో రాయుండ్రి."

కాంతమ్మ చాయ్ తెచ్చేసరికి వెళ్లిపోయింది. "కడుపుల ఏం లేకుండ పోయింది పిల్ల" అని నా వంక చూసి, ఆ చాయ్ తీసుకెళ్లి తనే తాగింది. నాకు ఇవ్వలేదు.

ఫిబ్రవరి 23

అబద్ధం.

ఫిబ్రవరి 24

ముప్పై ఒక్కేళ్లలో వరండాలో ఎంతమందిని నిలబెట్టి ఉంటాను? అందరూ గుర్తుంటారా? అయినా వరండాలో నిలబెడితే మాత్రం ఉదాహరణ ఆమెదైపోతుందా?

అబద్ధమే.

ఫిబ్రవరి 25

మా అన్న నాగేందర్ పసుపు కమిషన్ దుకాణానికి పోయాను. మెయిల్ సంగతి చెప్పి మెచ్చుకుంటాడనుకున్నాను. డ్రమ్ము వాక్యం దగ్గరికొచ్చేసరికి తక్కెడ పక్కన కూర్చున్నవాడు పడి పడి నవ్వాడు.

"తమ్మీ, డ్రమ్ముల రంగు వస్తదని ఎవడు చెప్పిండురా నీకు? డ్రమ్ముల పొట్టు పోతది. నునుపు వస్తది. లోపట రంగు వచ్చేది ఉడికిచ్చినప్పుడే. పసుపోళ్ల ఇంట్ల పుట్టి గిదన్న తెల్వదా?"

గుమాస్తాలు కూడా నవ్వారు.

ఎలా తెలుస్తుంది? మా ఇంటికి పసుపు ఎండిన తర్వాతే వచ్చేది. నేను చూసింది డ్రమ్ము, గోనెసంచులు, కొమ్ము విరిచి చూసే అన్న వేళ్లు. ఉడకబెట్టడం రైతుల పని, కూలీల పని. కడాయి దగ్గరికి నేను ఎందుకు పోతాను? నా జన్మలో పోలేదు.

మెయిల్‌లో తప్పు దొర్లింది. కమిటీవాళ్లు అడగరు కదా? పుణెవాళ్లకు పసుపు గురించి ఏం తెలుసు?

జన్మలో పోలేదు అని పైన రాశాను. మరి 2010 ఫిబ్రవరి 9న కడాయి అని ఎలా రాశాను?

ఎవరో చెప్పగా విని ఉంటాను.

ఫిబ్రవరి 27

మాక్లూర్ వైపు పోయాను. గంగవ్వ ఈ సీజన్‌లో అక్కడ ఒక రైతు దగ్గర పసుపు ఉడికించే పనికి పోతోందని తెలిసింది. ఆమెను చూడడానికి కాదు, ఉడికించడం ఎలా ఉంటుందో చూడడానికి పోయాను. కమిటీ ఏదైనా అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

పొలం గట్టున ఆవిరి బాయిలర్. పచ్చి వాసన, పొగ, బురద. గంగవ్వ తలకు తువ్వాలు చుట్టుకుని ఉడికిన పసుపు గంపతో పోతోంది. నన్ను చూసి గంప దించింది. డెబ్బై దగ్గర పడుతున్నట్టుంది, నడుం మాత్రం నిటారుగానే ఉంది.

"ఇప్పుడంటె బాయిలర్లొచ్చినయ్. గప్పుడు కడాయే" అంది, నేను అడగకుండానే. ఒక పచ్చికొమ్మును, ఒక ఉడికిన కొమ్మును తీసి రెండూ విరిచి నా ముందు పెట్టింది. పచ్చిదాంట్లో నడుమ ఒక రంగు, అంచున ఒక రంగు. ఉడికినదాంట్లో అంతా ఒకటే.

"చూసినవా? మా రజని గింత పోరి అప్పటి సంది నా ఎంబడి వచ్చేది. కడాయి మంట కాడ కూసోని సదివేది. కొమ్ములు ఇరిసి ఇరిసి చూసేది, రైతు తిట్టేటోడు. నువ్వు ఎన్నడన్న కడాయి కాడ కూసున్నవా సారూ?"

నేను మాట మార్చాను. ఎండ ఎక్కువగా ఉందన్నాను.

"ఎండల వచ్చినవ్, నీళ్లు తాగు" అని సీసా ఇచ్చింది. తాగేదాకా ఆగి, అప్పుడు అంది. "నా పొల్లది ఏం పాపం జేసింది నీకు? బీడీలు జేసుకుంట సదివిచ్చుకున్న. పంతులువి గదా అని నమ్మి నీ దగ్గరికి తోలిన. నువ్వే గట్ల రాస్తివి. తాగినవ్ గద, ఇగ పో."

నలభై మంది కూలీల ముందు. పో అన్నది నన్ను. వచ్చేటప్పుడు ఆటోలో చేతుల నిండా పసుపు అంటుకుని ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు.

మార్చి 1

విశ్వం మొదట్లో పూర్తిగా నున్నగా ఉండి ఉంటే నక్షత్రాలూ, నేలా, ఆర్మూరూ, ఏవీ పుట్టేవి కావు. లక్షలో ఒక వంతు తేడా ఉంది. ఒకచోట పిసరంత ఎక్కువ, ఒకచోట పిసరంత తక్కువ. ఎక్కువ ఉన్నది తన చుట్టూ ఉన్నదాన్ని లాక్కుంది, ఇంకా పెద్దదైంది, ఇంకా లాక్కుంది. గెలాక్సీలు అలా వచ్చాయి. ఆ తొలి తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీదే మా కొట్లాటంతా. తర్వాతి దాని మీద కొట్లాట లేదు. తేడా అంటూ ఒకసారి పడితే మిగతాది కాలం చూసుకుంటుంది.

ఫిబ్రవరి 8 చదవలేదు.

మార్చి 2

చదవలేదు. కాంతమ్మ బీరువా దుమ్ము దులుపుతుంటే ఎందుకో కేకలేశాను.

మార్చి 3

చదివాను. కాగితం తిప్పితే సరిపోయే పనికి రెండు వారాలు పట్టింది.

'ఫిబ్రవరి 8, 2010. బంద్‌ల తర్వాత మొదటి క్లాసు, ఏ సెక్షన్. సిలబస్ పక్కన పెట్టి విశ్వం గురించి చెప్పాను. ఆకాశమంతా ఒకే వేడి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదన్నాను. గంగవ్వ కూతురు రజని లేచి, ముందు ఒక్క కడాయిల కలిసి ఉడికి తర్వాత దూరం పోయినయేమో సార్, పసుపు లెక్క, అంది. పిల్లలు నవ్వారు. నన్ను చూసి నవ్వినట్టనిపించింది. పసుపు ఉడకబెట్టేవాళ్లు విశ్వం గురించి చెబితే మేమెందుకమ్మా ఇక్కడ అని బయట నిలబెట్టాను. ఏడవలేదు, కిటికీలోంచి బోర్డు చూస్తూ నోట్సు రాసుకుంది. మొండిది. ఉదాహరణ మాత్రం బాగుంది. రేపు బి సెక్షన్‌లో చెప్పాలి.'

అవతలి పక్క: ఈరోజు నాకొక అద్భుతమైన ఉదాహరణ తట్టింది.

ఒక్క రోజు. కాగితం ఈ పక్క నుంచి ఆ పక్కకు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. ఎవరిని మోసం చేయడానికి రాశాను అలా?

మార్చి 4

ఫిబ్రవరి 9 ఒక్కటే పంపవచ్చు. వాళ్లు అడిగింది తేదీ వేసిన ఆధారం. అది నా దగ్గర ఉంది. అవతలి పక్క ఏముందో వాళ్లు అడగలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు.

మార్చి 5

ఆరోగ్యం బాలేదు కాబట్టి ఫిర్యాదును ముందుకు తీసుకుపోలేనని ఒక లెటరు రాశాను. మర్యాదగా ఉంది. బీపీ టాబ్లెట్ల పేర్లు కూడా వేశాను.

రజని దీని గురించే ముందుగా చెప్పిపోయింది. మరక పోదట. ముదురు.

చింపేశాను.

మార్చి 6

ఈ పదిహేనేళ్లలో వెయ్యిమంది పిల్లలు ఆ ఉదాహరణ నా నోటి నుంచి విని ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా నన్ను గుర్తుపెట్టుకున్నారంటే దానికోసమే. నా రాతప్రతి ఎవరూ చదవలేదు. మూడు పత్రికలు వెనక్కి పంపాయి, నాలుగోది పంపను కూడా లేదు. నాకంటూ ఉన్నది ఆ పసుపు ఒక్కటే. అది కూడా నాది కాదని నా చేతిరాతే చెబుతోంది.

ఏడుపొచ్చింది. రాసుకోవడానికి సిగ్గేం, ఎవరు చదువుతారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కాంతమ్మతో అన్నాను, ఆ పిల్ల చెప్పింది నిజమేనని. పచ్చడి వేస్తూ, "నాకెరుకే" అంది.

"నీకెలా తెలుసు?"

"గా దినం ఇంటికొచ్చి మీరే చెప్పిండ్రు గద. ఒక పొల్ల పసుపు ముచ్చట చెప్పింది, మస్తు చెప్పింది, బయట నిలవెట్టిన అని. నవ్వుకుంట చెప్పిండ్రు."

"మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగిండ్రా?"

మార్చి 7

2014లో టముకు వేసినవాళ్లు, దుమ్ము సంగతి తేల్చిన లెక్కల కింద తమ పేర్లు కూడా పెట్టుకున్నారు. అవతలివాళ్లతో కలిసి కూర్చుని, ప్రపంచమంతా చూస్తుండగా తమ మాటను తామే వెనక్కి తీసుకున్నారు.

నేను స్వీట్లు పంచింది దానికి.

మార్చి 8

కమిటీకి లెటరూ, డైరీ నకలూ పోస్టు చేసి వచ్చాను. ఏం జరిగిందో ఈసారి జరిగినట్టే రాస్తాను.

ముందు ఒకటి. రజని మీద నాకు ఇప్పటికీ ప్రేమ లేదు. ఆమె ఐదో అధ్యాయం మీద నాకు పది అభ్యంతరాలున్నాయి, అవి పోవు. ఆ పిల్ల నా ఇంటికొచ్చి నవ్విన నవ్వు కూడా పోదు. ఆమెకు ఉపకారం చేశానని ఎవరూ అనుకోకూడదు. నేనూ అనుకోకూడదు.

డైరీ పట్టుకుని సుమన్ షాపుకు పోయాను. శనివారం, రద్దీగా ఉంది. నన్ను చూడగానే అందరినీ ఆపి, "జరుగుండ్రి జరుగుండ్రి, మా సారు. పసుపుతోని మొత్తం విశ్వం చెప్పిన సారు" అని ముందుకు పిలిచాడు. ఫిబ్రవరి 9 తెరిచి చేతికిచ్చాను. మిషను మీద బోర్లించబోతూ ఆగి, కాగితం కొస పట్టుకుని అడిగాడు.

"ఒక దిక్కేనా సార్, రెండు దిక్కులా?"

వెనక ఎవరో తొందరపడుతున్నారు. ఒక దిక్కే అంటే అయిపోయేది. సుమన్ సాగనంపేవాడు. ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. వాడు మళ్లీ, "సార్?" అన్నాడు.

"రెండు దిక్కులు" అన్నాను. "ముందు అవతలిది తియ్యి."

కాగితం తిప్పాడు. మిషను మీద పెట్టలేదు. తేదీ చూశాడు, ఏ సెక్షన్ అని చూశాడు, చదవడం మొదలుపెట్టాడు. చదవొద్దని అనలేకపోయాను. వాడి పెదవులు కదులుతున్నాయి. చివరి వాక్యం దగ్గర కదలడం ఆగింది.

"సార్, మాకు చెప్పింది..."

"అవును."

"రజని, మా రజనే?"

"అవును."

సుమన్ మిషను మీద రెండు పక్కలూ తీశాడు. "నేను సంతకం వెట్టిన కాగితం ఉండె గద, తెచ్చిండ్రా?" అన్నాడు. ఫైల్లోంచి తీసి ఇచ్చాను. నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. నకళ్లు కవర్లో పెట్టి, డైరీని దాని మీద పెట్టి బల్ల మీదుగా నా వైపు తోశాడు.

నేను కవరు తీసుకుని మెట్ల దాకా వచ్చి, అలవాటుగా వెనక్కి చూశాను. సుమన్ బల్ల దగ్గరే ఉన్నాడు. తర్వాతి మనిషి చేతిలోంచి ఆధార్ కార్డు అందుకుని, "ఎన్ని కావాలె అన్నా?" అని అడుగుతున్నాడు.